మోటారు లేని నీళ్ళు

మోమిర్ ఇల్లు విడిచి వెళ్ళిపోయిన రోజున మిలుంక ఏడుస్తుందేమోనని మా భవనంలో ఆడవాళ్ళం కాఫీ కాచుకుని సిద్ధంగా కూర్చున్నాం. ఆవిడ ఏడవలేదు. బాల్కనీలో నిలబడి నీలం ప్లమ్ పళ్ళు తింటూ, గింజలు ఒక్కొక్కటే కింద గులాబీ మొక్కల్లోకి ఊస్తూ, మొగుడు వ్యానులోకి చేపల తొట్లు ఎక్కిస్తుంటే తీరిగ్గా చూసింది.

మోమిర్‌కి పెళ్ళాం మీద కన్నా చేపల మీద ప్రేమ ఎక్కువన్న సంగతి బేగెయ్ నదికి ఇవతలా అవతలా అందరికీ తెలిసిందే. పడగ్గదిలో తొట్లు, నడవలో తొట్లు, స్నానాలగదిలో బట్టల బుట్ట ఉండాల్సిన చోట ఒక తొట్టి. కికింద ఊళ్ళో ఒక వితంతువుకి ఎంతో పెద్ద నేలమాళిగ ఉందట. అతను ముందు ఆ నేలమాళిగని చూసి మనసు పారేసుకున్నాడనీ, ఆవిడ ముఖం తర్వాత చూశాడనీ మా పెర్సిద పిన్ని అంటుంది. పిన్ని మా భవన సంఘానికి పెద్ద. ఆవిడ అన్నదాన్ని మేం మార్చి చెప్పం.

తొట్లన్నీ వ్యానెక్కాయి కానీ వంటింటి కిటికీ దగ్గరున్న పాతది మిగిలిపోయింది. ఎటు తిప్పినా పట్టలేదు. అదేమంత గొప్పది కాదు. మిగతా తొట్లలో కత్తిరించిన మొక్కల కొనలూ, పనికిరావనుకున్న గప్పీ చేపలూ ఏళ్ళ తరబడి అందులో పడేసేవాడు. శుభ్రం చేయడానికి బద్ధకించి అడుగున వేలెడు మందాన బురద పేరనిచ్చాడు. దాన్ని వదిలేయడానికి అతనికేం బాధ కలగలేదు. కానీ కిందిదాకా దిగినవాడు మళ్ళీ మెట్లెక్కి వచ్చి, దాని ఫిల్టర్ ఊడపీకి, నేలంతా నీళ్ళు కారుస్తూ పట్టుకుపోయాడు.

"జర్మనీ సరుకు" అన్నాడు.

"మరి దీన్నేం చేయమంటావ్?" అంది మిలుంక.

"ఏం చేస్తావ్, పారబోయ్. ఫిల్టర్ లేకపోతే వారం తిరక్కుండా చారైపోతుంది."

"చారైతే తాగుతాలే. నువ్వు బయల్దేరు."

వ్యాను మలుపు తిరిగింది. మేం కాఫీ గిన్నె పట్టుకుని పైకి వెళ్ళేసరికి మిలుంక వంటింట్లో కుర్చీ మీద బిగుసుకుని కూర్చుంది. మమ్మల్ని చూసి చెయ్యెత్తింది.

"ష్! వినండి."

చెవులు రిక్కించాం. ఏమీ వినపడలేదు.

"ఏమీ వినపట్లేదే" అన్నాను నేను.

"అదే!" అంటూ మిలుంక కుర్చీలోంచి లేచి నన్ను వాటేసుకుంది. "అదేనే! ఏమీ వినపట్లేదు!"

అప్పటికి గాని మాకు తట్టలేదు. ఆ ఇంట్లో పెళ్ళైన నాటినుంచీ మోటార్లు గుయ్యిమంటూనే ఉన్నాయి. గాలి గొట్టాలు గురగురలాడుతూనే ఉన్నాయి. కింద ఆవిడ నడిపే జుట్టు కత్తిరించే దుకాణంలో పొద్దుటినుంచీ జుట్టు ఆరబెట్టే యంత్రాల హోరు. పైకొస్తే మోటార్ల హోరు. మిలుంక గొంతు పెద్దదని, ఆవిడ వంటింట్లో ఉప్పు అడిగితే వీధిలో కుక్కలు లేస్తాయని మేం నవ్వుకునేవాళ్ళం. అది ఆమె స్వభావమే అనుకున్నాం. మోమిర్ వెళ్ళాక ఆ గొంతు మెల్లమెల్లగా దిగడం మొదలుపెట్టింది. శీతాకాలం వచ్చేసరికి ఆమె చెప్పేది వినాలంటే మేమే ముందుకు వంగాల్సి వచ్చేది. వంగి వింటే ఎంత సరదాగా మాట్లాడుతుందో అప్పుడే తెలిసింది.

తొట్టి చారు కాలేదు. వారం గడిచింది, నెల గడిచింది. మిలుంక దాన్ని పారబోయలేదు, బాగుచేయనూ లేదు. దుకాణంలో తలలతో సరిపోయేది, దాని జోలికి వెళ్ళే తీరికెక్కడిది? కిటికీలోంచి ఎండ పడేది. ఈకల్లాంటి మొక్కలు, రిబ్బన్లలాంటి గడ్డి అడుగునున్న బురదలో వేళ్ళు పాతుకుని, ఒకదాన్నొకటి తోసుకుంటూ పెరిగాయి. నీళ్ళు ఎంత తేటగా ఉండేవంటే, అవతలి గోడ మీది కాలెండర్‌లో పండగ తేదీలు తొట్టిలోంచి చదువుకోవచ్చు. చేపల రెట్టని మొక్కలు తిన్నాయి, మొక్కలు వదిలిన గాలిని చేపలు పీల్చాయి, రాలిన ఆకుల పని నత్తలు చూసుకున్నాయి. గప్పీలైతే పిల్లల్ని పెట్టాయి. ఆ పిల్లలు మళ్ళీ పిల్లల్ని పెట్టాయి.

"నేనేం చేయలేదే తల్లీ" అని మిలుంక వచ్చినవాళ్ళందరికీ చెప్పేది, కళ్ళు పెద్దవి చేసుకుని. "ఒట్టు! చిటికెడు మేత వేస్తున్నానంతే. మొగుణ్ణి చూసుకున్నట్టు చూసుకుంటే చచ్చిపోయి ఉండేవి."

వసంతం రాగానే దుకాణంలో కూడా ఒకటి పెట్టాలని ఆమెకి బుద్ధి పుట్టింది. ఈసారి తనే సొంతంగా. అడుగున మట్టి కావాలి. మా బనాత్ నేల మట్టి నల్లగా, వెన్నలా ఉంటుంది, అందులో చెప్పులు నాటినా మొలుస్తాయంటారు. ఆవిడ పెరట్లో గులాబీల కింద నుంచి, పెర్సిద పిన్ని గొర్రె ఎరువు దట్టించిన మట్టిని బకెట్టుడు తెచ్చి పరిచింది. పైన ఇసుక, మొక్కలు, నీళ్ళు. ఈస్టరు ముందు వారం అది. ఊళ్ళో ఆడవాళ్ళందరికీ జుట్టు చేయించుకోవాల్సింది ఆ వారమే.

మూడో రోజుకి నీళ్ళు రాజ్మా చారు రంగుకొచ్చాయి. నాలుగో రోజున అడుగునుంచి ఒక పెద్ద బుడగ పైకొచ్చి 'బుడుంగ్' మని పగిలింది. పెర్సిద పిన్ని తలకి రోలర్లు చుట్టుకుని యంత్రం కింద కూర్చుని ఉంది. బుడగ పగలగానే పిన్ని ముక్కు మూసుకుంది. పక్క కుర్చీలో ఆవిడ వంక అనుమానంగా చూసింది. ఆ పక్కావిడ ఆ పక్కనున్నదాని వంక చూసింది. ఇంకో బుడగ వచ్చింది. ఈసారి అందరూ కలిసి నా వంక చూశారు!

"నేను కాదు!" అని అరిచాను.

మిలుంక కత్తెర పడేసి నవ్వుతూ నేల మీద కూలబడింది. రోలర్లతో, సగం రంగు వేసిన తలలతో అందరం వీధిలోకి పరిగెత్తాం. ఎదురుగా బస్సు కోసం నిలబడ్డ మగవాళ్ళు టోపీలు తీసి మాకు దండం పెట్టారు.

ఆ తొట్టిని ఎత్తి పారబోయడానికి పక్క దుకాణం గావ్ర బాబాయ్ సాయం పట్టాడు. ఆయన చేపలమ్మేవాడు. మోకాళ్ళు పట్టేసి దుకాణం మూసేశాడు కానీ, రోజూ తాళం తీసి లోపల కూర్చుంటాడు.

"ఇంత బలమైన మట్టి వేస్తే ఎట్లా అమ్మాయ్? వాటికి పెళ్ళిభోజనం పెడితే అరక్క చస్తాయి. గంజి చాలు. నది గట్టు మీదికి పో. చుంచెలుకలు తవ్విపోసిన గుట్టలుంటాయి కదా, ఆ మట్టి తెచ్చుకో. ఎరువుండదు, వేళ్ళుండవు, జల్లెడ పట్టినట్టుంటుంది. మా నాన్న కలువలకి అదే వేసేవాడు."

పండగ దాటాక వచ్చిన ఆదివారం. మిలుంక బకెట్టూ చిన్న పారా పట్టుకుని గట్టెక్కింది. పచ్చిక నిండా గుడ్డి చుంచెలుకలు కింద సొరంగాలు తవ్వుకుంటూ పైకి నెట్టిన మెత్తటి నల్లటి గుట్టలు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని, "నీ చేతులు చల్లగుండ, ఎంత బాగా తవ్వావురా నాయనా" అని లోపలున్న చుంచెలుకని పొగుడుతూ మట్టి ఎత్తుకుంటోంది.

వెనక నుంచి ఎవరో గొంతు సవరించుకున్నారు.

"క్షమించండి. ఆయన ఇంట్లో ఉన్నప్పుడే దోచుకుంటున్నారా?"

పొడుగాటి మనిషి. నెరిసిన జుట్టు చెవుల మీద పడి, కాలర్ మీద పడి, కత్తెర చూసి ఏడాదైనట్టుంది. మిలుంక ముందు చూసింది ఆ జుట్టునే అని తర్వాత మాతో ఒప్పుకుంది. పేరు గేజా. హంగేరియన్ వాడు. ఊళ్ళో పియానోలకి శృతి చేసేది అతనే. చెవి అంత సూక్ష్మం కాబట్టి ఆదివారాలు ఊరి చప్పుడు భరించలేక గట్టు మీద తిరుగుతాడు.

"దోచుకోవట్లేదు, అప్పడుగుతున్నాను" అంది మిలుంక.

"దేనికి?"

ఆమె చెప్పింది. మట్టి, ఇసుక, మొక్కలు, ఎండ. మోటారు లేదు. అతను శ్రద్ధగా విని, ఒక్క మాటే అడిగాడు.

"అస్సలు చప్పుడు చేయదా?"

"అస్సలు."

"ఎప్పుడు చూడొచ్చు?"

"జుట్టు కత్తిరించుకోడానికి వచ్చినప్పుడు చూడొచ్చు. కత్తిరింపు మాత్రం తప్పదు, మీరు తొట్టి చూడకపోయినా."

బకెట్ అతనే మోశాడు.

ఆ తర్వాత గేజా జుట్టు ఎంత పొట్టిగా ఉండేదంటే, ఎండకి చెవులు ఎర్రబడేవి. వారం వారం వచ్చేవాడు. కత్తిరించడానికేం మిగిలేది కాదు. మిలుంక గాలిలో కత్తెర ఆడించేది, అతను కళ్ళు మూసుకునేవాడు. దుకాణం తొట్టి ఈసారి తేటపడింది. మధ్యాహ్నం ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు ఆకుల అంచుల్లో సన్నటి గాలి బుడగలు పూసల్లా పుట్టి, వరసగా పైకి తేలేవి. దుకాణంలో యంత్రాలు ఆపేసి, గేజా చెవిని గాజుకి ఆనించేవాడు.

"వినపడుతున్నాయి" అనేవాడు.

"ఏమిటి, బుడగలా? అబద్ధం!"

"ఒట్టు. చాలా పైస్థాయి."

మిలుంక కూడా చెవి ఆనించేది. మధ్యలో గాజు, అటొక చెవీ ఇటొక చెవీ, లోపల చేపలు ఇద్దర్నీ మార్చి మార్చి చూసేవి. యంత్రం ఆగిపోయి తడిజుట్టుతో కూర్చున్న మేం మాత్రం తుమ్ముతూ ఉండేవాళ్ళం.

మొక్కలు పెరుగుతుంటే కత్తిరించాలి. మిలుంక జుట్టు కత్తెరతోనే కత్తిరించేది, పక్కల పొట్టిగా, వెనక పొడుగ్గా. ఆ కొనల్ని పారేయబుద్ధి కాక, ఒక పచ్చడి సీసాలో చారెడు చుంచెలుక మట్టీ ఇసుకా వేసి, కొనలు నాటి, నీళ్ళు పోసి పెర్సిద పిన్నికిచ్చింది. అందులో రెండు నత్తలు, అంగట్లో కొన్న నాలుగు గోరంత ఎర్ర రొయ్యలు. "సీసాలో చేపల్ని వేయకు పిన్నీ, వాటికి ఇరుకు. రొయ్యలకైతే అదే రాజమహలు" అంది.

అంతే, అంటుకుంది. నిప్పు అంటుకున్నట్టు అంటుకుంది. వేసవి ముగిసేసరికి మా భవనంలో కిటికీ గట్టు లేదు, సీసా లేకుండా. మెట్ల మలుపుల్లో సీసాలు. లిఫ్టు దగ్గర సీసాలు. ఒకళ్ళ ఇంటికి ఒకళ్ళం వెళ్ళి, "మీ రొయ్య గుడ్లు పెట్టిందటగా, శుభం!" అని పలకరించుకునేవాళ్ళం. నా దగ్గరే బట్టల మిషను చుట్టూ తొమ్మిదో పదో ఉండేవి, కుట్టుకుంటూ చూసేదాన్ని, వంకర కుట్లు పడేవి. రెండో అంతస్తులో కులదైవం పండక్కి వచ్చిన చుట్టమొకాయన రాకియా ఎక్కువై, బల్ల మీద సీసాని ఊరగాయ అనుకుని ఫోర్కుతో ఒక నత్తని పైకి తీశాడు. నోటిదాకా వెళ్ళాక అది కొమ్ములు చాచింది. ఆయన ఆ రోజునుంచి తాగుడు మానేశాడు. ఆయన భార్య మిలుంకకి ఒక వేయించిన బాతుని పంపింది.

ఇలా ఉండగా సెప్టెంబరు వచ్చింది. మిరపకాయల రోజులు.

మా దగ్గర సెప్టెంబరులో ఎవరూ పుట్టకూడదు, చావకూడదు. లావాటి ఎర్ర మిరపకాయలు బస్తాలకొద్దీ పెరట్లో దిగుతాయి. పొయ్యిల మీద కాలుతాయి, తొక్క వలుస్తాం, పెద్ద పాత్రల్లో నూనెపోసి సాయంత్రం దాకా కలుపుతాం. ఆ అయ్‌వార్ పచ్చడి లేకుండా శీతాకాలం దాటినవాడు మా వీధిలో లేడు. ఈ దండయాత్రకి సేనాని పెర్సిద పిన్ని. ఆ శనివారం పొద్దున పొగ మూడు వీధులకి పాకింది. కళ్ళు మండుతూ, చేతులు ఎర్రగా, పాటలు పాడుకుంటూ అందరం కాల్చడం మొదలుపెట్టాం.

పిన్ని నడుముకి చేతులు పెట్టుకుని అడిగింది: "సరే, సీసాలు కడగండి. సీసాలేవీ?"

పాట ఆగిపోయింది.

అందరం పైకి చూశాం. నాలుగంతస్తుల కిటికీల్లోనూ మా పచ్చడి సీసాలు పచ్చగా మెరుస్తున్నాయి.

"ఒక్కటి కూడా లేదా?" అంది పిన్ని.

దుకాణాలకి పరిగెత్తినవాళ్ళు ఉత్తచేతులతో తిరిగొచ్చారు. మిరపకాయల వారంలో ఊళ్ళో సీసా దొరుకుతుందా?

"మిలుంకా!" అని పిన్ని పెట్టిన కేకకి పావురాలు లేచిపోయాయి. "ఈ కొంప ముంచింది నువ్వే! జనం తినాలా, నత్తలు కాపురం ఉండాలా? ఇప్పుడే అన్నీ పారబోయించు!"

"పారబోస్తాను పిన్నీ" అంది మిలుంక మెల్లగా. "మీ స్నానాలగది కిటికీలో ఉన్న రెంటితో మొదలుపెడదామా?"

పిన్ని ముఖం కాల్చిన మిరపకాయ రంగుకొచ్చింది. "అవి... అవి వేరు. అందులో ఒక రొయ్య కడుపుతో ఉంది."

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత పెరడంతా నవ్వుల్లో మునిగింది. పిన్ని కాసేపు బిగబట్టుకుని, పొయ్యి మీదున్న మిరపకాయలు మాడుతున్నా చూసుకోకుండా, తనూ నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకున్నారు కానీ సీసాలు మాత్రం దొరకలేదు.

అప్పుడు గావ్ర బాబాయ్ కర్ర ఊతంతో లేచాడు.

"నా దగ్గర తొట్టుంది" అన్నాడు.

బాబాయ్ దుకాణం అద్దం వెనక, బతికున్న బొచ్చెచేపల్ని ఉంచే గాజు తొట్టి ఉంది. ఇద్దరు మనుషులు తలా కాళ్ళూ కలిపి పడుకోవచ్చు, అంత పొడుగు. దక్షిణం ఎండ నిండుగా పడుతుంది. దుకాణం మూసేసినా ఆయన దాన్ని వారం వారం తుడుస్తూనే ఉన్నాడు.

"నిజంగా ఇస్తావా బాబాయ్?" అంది మిలుంక.

"ఏళ్ళ తరబడి ఎన్ని చేపల్ని దించానో అందులోకి" అన్నాడాయన. "ఏదీ పండగ దాటి బతకలేదు. ఎవరింటి పళ్ళెంలోకో వెళ్ళిపోయేది. ఒక్కసారైనా అందులో ఏదన్నా ముసలిదయ్యేదాకా బతికితే చూడాలనుంది."

మిలుంక ఆయన చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. తర్వాత చప్పట్లు కొట్టి అరిచింది, వెనకటి గొంతుతో. "బకెట్లు! అందరూ బకెట్లు తీసుకోండి!"

ఆ మధ్యాహ్నం మా భవనం భవనమంతా గట్టెక్కింది. సగం మంది మిరపకాయల దగ్గర, సగం మంది చుంచెలుకల దగ్గర. పడవలో వెళ్తున్న వాళ్ళు, ఎప్రాన్లు కట్టుకుని, మోచేతులదాకా ఎర్రటి చేతులతో పచ్చికలో పాకుతున్న ఆడవాళ్ళని చూసి తెడ్లు వేయడం మరిచిపోయారు. గేజా కోటు విప్పి, పియానో తీగలు సవరించే ఆ వేళ్ళతో ఇసుక కడిగాడు. పెరట్లో పీపాల నిండా ఉన్న వాననీళ్ళు చేతులు మార్చుకుంటూ అందించుకున్నాం. తర్వాత ఊరేగింపు. ఒక్కొక్క మెట్టూ దిగుతూ, గుండెకి హత్తుకున్న సీసాలతో, చంటిపిల్లల్ని బాప్తిస్మానికి తెస్తున్నట్టు వచ్చాం. మిలుంక తొట్టి మధ్యలో లంగా మోకాళ్ళ పైకి దోపుకుని నిలబడి, ఒక్కొక్క మొక్కనీ మట్టిలో గుచ్చింది.

"ఎవరిది? నీదా? ఏ పక్కన కావాలి?"

"ఎండ పక్కన."

"నాది పెర్సిద పిన్ని దాని పక్కన వద్దు. ఆవిడ నత్తలు పోట్లాడతాయి."

సందెవేళకి సీసాలన్నీ ఖాళీ. మరిగే నీళ్ళలో కడిగి పచ్చడి నింపాం. దుకాణం తొట్టిలో ఎక్కువైపోయిన గప్పీల్ని కూడా మిలుంక తర్వాత ఇందులోకి మార్చింది.

కానీ పెద్ద తొట్టి నీళ్ళు టీ రంగులో ఉండిపోయాయి. ఒకరోజు, ఇంకోరోజు. మేం అద్దానికి ముక్కులు ఆనించి నిలబడేవాళ్ళం. లోపల ఏమీ కనిపించేది కాదు. "ఏమన్నా చేయాలి కదే?" అని పిన్ని అడిగినప్పుడల్లా మిలుంక, "ఏమీ చేయకపోవడమే చేయాలి పిన్నీ. అదే కష్టం" అనేది. ఆవిడ చేతులు మాత్రం కత్తెర కోసం వెతుక్కుంటున్నట్టు కదులుతూనే ఉండేవి. భయపడుతోందని నాకు తెలుసు. మా అందరి సీసాలూ అందులో ఉన్నాయి మరి.

సరిగ్గా అప్పుడే మోమిర్ దిగాడు. చేతిలో ఆ జర్మనీ ఫిల్టర్. చిక్కిపోయాడు. కికింద వితంతువు నేలమాళిగలో గోడలకి బూజు పట్టిందని తొట్లన్నిటినీ వాకిట్లో పెట్టేసిందట. దుకాణం ముందు నిలబడి టీ రంగు నీళ్ళు చూశాడు.

"నే చెప్పానా, చారవుతుందని? ఇదిగో, తగిలించు. ఇంత తొట్టికి ఇది చాలదు కానీ..." అని ప్లగ్గు కోసం గోడలు వెతికాడు.

"మోమిర్" అంది మిలుంక. "నువ్వొచ్చింది తొట్టి కోసమా, నా కోసమా?"

అతను అబద్ధమాడే మనిషి కాదు. "రెంటికీ" అన్నాడు.

"ముందు దేనికి?"

అతను చేతిలోని ఫిల్టర్ వంక చూశాడు. మిలుంక నవ్వింది. వెక్కిరింపు కాదు, నిజమైన నవ్వు.

"కూర్చో. కాఫీ తాగు. ఆ మోటారు గోడకి తగిలించావంటే మాత్రం పెర్సిద పిన్ని నిన్ను పచ్చట్లో కలిపేస్తుంది. నాకిప్పుడు ఇంట్లో నా ఊపిరి నాకు వినపడుతోంది మోమిర్. అది పోగొట్టుకోను."

అతను కాఫీ తాగాడు. ఉండబట్టలేక, అడుగున ఏ మట్టి వేశారని అడిగాడు. చుంచెలుకల సంగతి విని నోరు తెరిచాడు. వెళ్ళేటప్పుడు మిలుంక అతని చేతిలో రెండు సీసాలు పెట్టింది. ఒకదాంట్లో పచ్చడి, ఒకదాంట్లో మొక్కల కొనలు. అంత చేసీ గుమ్మం దాకా సాగనంపలేదు. ఆ సమయమంతా గేజా ఒక మూల కూర్చుని, ఎప్పుడో వలిచేసిన మిరపకాయని మళ్ళీ మళ్ళీ వలుస్తూనే ఉన్నాడు. అందులో మిగిలిందేమీ లేదు.

వారం చివర్లో, పొద్దున్నే రొట్టె కోసం బయల్దేరిన గావ్ర బాబాయ్ రొట్టె లేకుండా తిరిగొచ్చి, మెట్ల దగ్గర నిలబడి మా అందర్నీ పేరుపేరునా పిలిచాడు. పరిగెత్తి దిగాం. ఎండ అద్దంలోంచి నేరుగా పడుతోంది. నీళ్ళు లేనట్టే ఉన్నాయి. ఉన్నవల్లా పచ్చటి అడవి, దాని మధ్య గాల్లో ఎగురుతున్నట్టు గప్పీలు, ఆకుల కింద ఎర్రటి రొయ్యలు. చూస్తుండగానే ఆకు ఆకుకీ బుడగలు పుట్టి పైకి లేవడం మొదలైంది. వేలకొద్దీ. బాబాయ్ టోపీ తీసి గుండెకి పెట్టుకున్నాడు. పెర్సిద పిన్ని వలవలా ఏడ్చింది, ఎప్రాన్ అంచుతో ముక్కు చీదింది, "ఏదీ, కడుపుతో ఉన్న నా రొయ్య ఏదీ?" అని వెతికింది.

గేజా అద్దానికి చెవి ఆనించలేదు. మిలుంక వైపు తిరిగాడు. అతని మెడ కూడా ఎర్రబడింది.

"మిలుంకా, మీ ఇంట్లో ఇంకో కుర్చీకి చోటుంటుందా?"

"పియానో తెస్తావా?" అంది మిలుంక, మొదటిసారి నువ్వంటూ.

"పియానోలు ఊరంతా ఉన్నాయి. ఇంట్లో నాకు అక్కర్లేదు."

"గడియారం?"

"ఆపేస్తాను."

"గురక పెడతావా?"

గేజా చాలా గంభీరంగా ఆలోచించాడు. "ఒంటరిగా పడుకునేవాడికి ఎలా తెలుస్తుంది?"

"పరీక్ష చేసి చూసుకోవే అమ్మాయ్!" అని పెర్సిద పిన్ని అరిచింది, ముక్కు చీదుతూనే. వీధి వీధంతా గొల్లుమంది. మిలుంక నవ్వు ఆపుకోలేక అద్దానికి ఆనుకుని, తల ఊపింది. ఊపుతూనే ఉంది.

విడాకుల కాగితాలు ముందే వచ్చేశాయి కాబట్టి, పెళ్ళి అక్టోబరులోనే, మున్సిపాలిటీ హాల్లో. విందు గావ్ర బాబాయ్ దుకాణంలోనే. కిక్కిరిసి, ఒకళ్ళ ఒడిలో ఒకళ్ళం కూర్చుని తిన్నాం. సంగీతం వద్దని పెళ్ళికొడుకు కోరితే, ఎవరూ వినలేదు. తెల్లవార్లూ తంబురాలు మోగాయి. అతను చెవుల్లో దూది పెట్టుకుని అందరికన్నా ఎక్కువ నాట్యం చేశాడు. గురక పెడతాడని తర్వాత తేలింది. మిలుంకని అడిగితే, "పెడతాడు, కానీ శృతిలో" అంటుంది.

ఇప్పుడా దుకాణం తలుపు పగలంతా తెరిచే ఉంటుంది. బాబాయ్ అందులో కుర్చీలు వేశాడు. ఏమీ అమ్మడు. బయట ఎముకలు కొరికే కొషావా గాలి వీస్తుంటే మేం లోపల కూర్చుని కాఫీ తాగుతాం. ఆయన తొలిరోజుల గప్పీల్లో ఒకదాన్ని గుర్తుపట్టి, అది వెన్ను వంగి నెమ్మదిగా ఈదుతుంటే, "చూశావా, ముసలిదైంది" అని కొత్తగా వచ్చినవాళ్ళకల్లా చూపిస్తాడు.

ఈ జూన్‌లో మిలుంక, గేజా సముద్రం చూడ్డానికి మాంటెనీగ్రో వెళ్ళారు. పెద్ద తొట్టి బాధ్యత పెర్సిద పిన్నికి అప్పజెప్పి, "ఏమీ చేయకు" అని మరీ మరీ చెప్పి బస్సెక్కారు. పిన్ని రెండు రోజులు నిగ్రహించుకుంది. మూడో రోజు పొద్దున నేను వెళ్ళేసరికి చీపురు, స్పాంజి, సబ్బు బిళ్ళ పట్టుకుని స్టూలెక్కి ఉంది.

"పిన్నీ, దిగు!"

"అద్దానికి కాస్త పాకుడు పట్టిందే. ఒక్క తుడుపు. ఒక్కటంటే ఒక్కటి."

నేను ఫోను తీసి మిలుంకకి కలిపాను. అవతల అలల హోరు. సంగతి చెప్పి ఫోను పిన్ని చెవి దగ్గర పెట్టాను. సముద్రం మీంచి మిలుంక పెట్టిన కేకకి పిన్ని స్టూలు మీంచి దిగి, సబ్బు బిళ్ళ జేబులో వేసుకుని, బుద్ధిగా కుర్చీలో కూర్చుంది.

"ఏమందీ?" అని అడిగాడు గావ్ర బాబాయ్.

"నీళ్ళు చాలా బాగున్నాయంది" అని చెప్పింది పిన్ని.